కట్టు పారబోయొద్దు

ఉగాదికి రెండు రోజుల ముందు ఈ కాలమ్ రాసే మనిషి కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఇంట్లోవాళ్లు, వచ్చేవాళ్లు కలిపి పదిమంది. కాగితం మీద పదకొండు రకాలు తేలాయి. రెండు స్వీట్లు, పనీర్ కూర, ఆలూ వేపుడు, ఫ్రూట్ సలాడ్ కూడా అందులో ఉన్నాయి. ఖర్చు కూడి చూసుకుంటే గుండె గుభేల్‌మంది. జీతం పడటానికి ఇంకా పదిరోజులుంది మరి.

సిద్దిపేట నుంచి వచ్చిన పెద్దమ్మ ఆ కాగితం చదివించుకుని ఒక్కటే అడిగింది. "బచ్చాలు చేస్తున్నరు గదా బిడ్డా, మరి బచ్చాల చారేది?"

కోస్తాలో బొబ్బట్లు, సీమలో ఓళిగలు, తెలంగాణలో బచ్చాలు, పోలెలు. పేరు ఏదైనా లోపల ఉండేది శనగపప్పు, బెల్లం పూర్ణమే. ఆ పప్పు ఉడికించి వార్చిన నీళ్లే కట్టు. అందులో చింతపండు పులుసు, ఉప్పు, కారం, గుప్పెడు పూర్ణం వేసి మరిగించి పోపు పెడితే చారు తయారు. కన్నడిగులకు ఇదే ఒబ్బట్టు సారు, మరాఠీవాళ్లకు కటాచీ ఆమ్టీ. మూడు భాషల వంటిళ్లూ ఈ నీళ్లను మోరీలో పోయడానికి ఒప్పుకోలేదు.

అయితే కట్టు కావాలంటే కుక్కర్ పక్కన పెట్టాలి. కుక్కర్‌లో తక్కువ నీళ్లతో పెడితే పప్పు ముద్దయిపోతుంది, కట్టు రాదు, పూర్ణం జారుగా తయారై పైనుండే తోపు పిండి చింపుకుని బయటికొస్తుంది. పెద్దమ్మది వేరే దారి. రెండు గంటలు నానబెట్టిన పప్పును వెడల్పాటి గిన్నెలో మూడింతల నీళ్లు పోసి ఉడికిస్తుంది. పలుకు వేళ్ల మధ్య నొక్కితే చితకాలి, దానంతటది చితకకూడదు. నానితే తొందరగా ఉడుకుతుంది, గ్యాసూ మిగులుతుంది. అరకిలో పప్పు, అరకిలో బెల్లం. నిమ్మకాయ కన్నా కాస్త పెద్ద ఉండ చేస్తే ముప్పై దాకా వస్తాయి. మనిషికి రెండు పోగా మిగిలినవి పక్కింటికి, మర్నాటికి. ఒకే పప్పుతో స్వీటూ అయింది, చారూ అయింది.

రెండో స్వీటు కొట్టేయడానికి కాలమిస్టుకు కాస్త మనసొప్పలేదు. తర్వాత ఒప్పుకున్నాడు. రెండో స్వీటు ఎవరూ తినరు, ఫొటోలో మాత్రం బాగుంటుంది.

మామిడికాయల దగ్గర పెద్దమ్మ అసలు పనితనం కనబడింది. ఉగాది పచ్చడికి ఎలాగూ మామిడికాయ, కొత్త చింతపండు, కొత్త బెల్లం కొనాలి. మామిడికాయలు ఇంకో రెండు ఎక్కువ తెమ్మంది. తురుము పులిహోరకు, టెంకెలు కందిపప్పులోకి. పప్పులో ఉడికిన టెంకె కోసం ఈ ఇంట్లో పెద్దవాళ్లే పోట్లాడుకుంటారు, పిల్లల మాట అటుంచి. పులిహోరలో జీడిపప్పు వద్దంది, వేయించిన పల్లీలు చాలు. వేపపువ్వు, మామిడాకులు మాత్రం హైదరాబాద్ బజార్లో డబ్బిచ్చి కొనక తప్పలేదు. చెట్టు మీద ఊరికే దొరికేవాటికి బేరమాడటం పెద్దమ్మకు ఇప్పటికీ చిన్నతనంగానే ఉంటుంది.

నూనె మూకుడు ఒక్కసారే పొయ్యెక్కాలి. పావుకిలో మినపప్పు రుబ్బితే మనిషికి రెండేసి గారెలు. నీళ్లు చిలకరించి గట్టిగా రుబ్బాలి, పిండి పలచనైతే గారె నూనె తాగేస్తుంది. పులిహోర పోపుకు గరిటెడు నూనె ముందే తీసిపెట్టి, గారెలయ్యాక అప్పడాలు, అన్నిటికన్నా చివర ఊరమిరపకాయలు. వాటి ఘాటు నూనెకు పట్టేస్తుంది కాబట్టి వాటి వంతు అప్పుడే.

పెద్దమ్మ పొదుపరే గానీ పిసినారి కాదు. బచ్చం మీద నెయ్యి వేసేటప్పుడు కాలమిస్టు "చాల్లే పెద్దమ్మా" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

చివరికి మిగిలిన జాబితా ఇది. పచ్చడి, మామిడికాయ పప్పు, వంకాయ కూర, పులిహోర, గారెలు, బచ్చాలు, చారు, అప్పడాలు, పెరుగు. పెరుగుతో సహా తొమ్మిది. పదకొండు నుంచి తగ్గింది రెండే అయినా పనీర్, సలాడ్, వేపుడు, రెండో స్వీటు పోవడంతో సంచీ మాత్రం సగానికి సగం తేలికైంది.

పండగ నాడు ఒంటిగంటకు విస్తళ్లు పడ్డాయి. రెండో వడ్డన వచ్చేసరికి చారు గిన్నె అడుగు కనబడింది, ఒకాయన గ్లాసులో పోయించుకుని తాగాడు. ఇంకా ఉందా అని అడిగినవాళ్లకు పెద్దమ్మ అయిపోయిందనే చెప్పింది. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనకాల ఒక చెంబెడు చారు దాచిన సంగతి కాలమిస్టుకు రాత్రి తెలిసింది.

"రేపటికే దాని రుచి. నీకూ పోస్తలే, ఎవ్వరికీ చెప్పకు" అంది.