గోదాలో పార, మైదానంలో కోన్లు

తాలింఖానా గురించి తెలుగు పాఠకుడికి కొత్తగా చెప్పేదేముంది? ఎర్రమట్టి గోదా, గోడకి హనుమంతుడి పటం, మూలన గదలు, దండీలూ బస్కీలూ తీసే కుర్రాళ్లు, అరుగు మీద ఉస్తాదు. చూడని వాళ్లకైనా తాతలు చెప్పగా తెలుసు. ఫుట్‌బాల్ ఆటగాళ్లు మైదానంలో కోన్లు పేర్చుకుని, సాధనకి ముందు ఇరవై నిమిషాల పాటు చేసే 'ఫిఫా 11 ప్లస్' అనే వార్మప్ మాత్రం మనలో చాలామందికి పరాయిదే. రెండూ ఒళ్లు కాక ఎక్కించే విద్యలే. రెండూ నాకిష్టమే.

గోదాలో వార్మప్‌ని విడిగా వెతికితే దొరకదు. పహిల్వాన్ పార పట్టి మట్టి తవ్వుతాడు, గడ్డలు చితక్కొడతాడు, చదును చేస్తాడు. మట్టి మెత్తబడితే కిందపడ్డ వాడికి దెబ్బ తగలదు; తవ్విన వాడి ఒంటికి అప్పటికే చెమట పడుతుంది. నడుం వంచి లేవడం, పిడికిలి బిగించడం, భుజం విసరడం వంటి కుస్తీ కదలికలన్నీ పారతోనే మొదలవుతాయి. ఆ తర్వాత దండీ: అరచేతులు నేలకానించి, నడుం పైకెత్తి, ఛాతీని నేలకి రాసినట్టు ముందుకు తెచ్చి తలెత్తడం. భుజాలూ వెన్నూ పిక్కలూ అదే ఊపులో సాగుతాయి, అదే ఊపులో పనిచేస్తాయి.

మైదానంలో అలా కాదు, అంతా గడియారం లెక్క. ఎనిమిది నిమిషాలు మెల్లని పరుగు, మధ్యమధ్య మోకాలెత్తి తుంటిని బయటికీ లోపలికీ తిప్పడం, జోడీగా ఎగిరి భుజాలు తాకించుకోవడం. పది నిమిషాలు బలం, నిలకడ, గెంతులు. చివరి రెండు నిమిషాలు వేగం, మలుపులు. గెంతి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలుతున్నాయా అన్నదే కోచ్ ముఖ్యంగా చూసేది. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లల జట్లతో దీన్ని చేయించి చూస్తే తీవ్రమైన గాయాలు తగ్గాయని 2008లో తేలింది.

ఉస్తాదు దగ్గర ఇలాంటి పరిశోధన లెక్కలు లేవు. శిష్యులే ఆయనకి రుజువు. ఆ రుజువులో ఒక లోటుంది: నడుం పట్టేసి మానేసిన కుర్రాడు లెక్కలోకి రాడు. మరోవైపు, ఎవరెన్ని దండీలు తియ్యాలో ఉస్తాదు మనిషిని చూసి చెబుతాడు. బలం కసరత్తులని మూడు స్థాయిలుగా విడగొట్టి అచ్చేసిన ఫిఫా పట్టికకి ఆ చూపు లేదు.

ఇంత తేడా ఉన్నా, కాళ్లు చాపుకుని కూర్చుని బొటనవేళ్లు పట్టుకుని కదలకుండా ఉండిపోవడం ఇక్కడా లేదు, అక్కడా లేదు. కండరాన్ని నిమిషానికి మించి అలా లాగిపడితే దాని బలం కాసేపు తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. కాక ఎక్కిన కండరం త్వరగా ముడుచుకుంటుంది, నరం కబురు వేగంగా మోస్తుంది. అందుకే రెండు చోట్లా నెమ్మదిగా మొదలుపెట్టి, రాబోయే పనినే చిన్నగా చేయిస్తారు. మైదానంలో చేసే స్క్వాట్‌కీ మన బస్కీకీ పోలిక చూడండి. కలియుగ భీముడు కోడి రామమూర్తినాయుడికి ఈ చుట్టరికం వింతగా తోచేది కాదేమో. కుస్తీలో ఆరితేరిన ఆయన వ్యాయామ ఉపాధ్యాయుడిగానూ పనిచేశాడు.

అసలు తేడా వచ్చే మనిషిలో ఉంది. తాలింఖానాకి వచ్చే కుర్రాడు పొలం పని చేసి, నడిచి వచ్చేవాడు. జిమ్‌కి వెళ్లే మనం కుర్చీలోంచి లేచి బండెక్కి వెళతాం. గోదా పద్ధతి నూటికి నూరుపాళ్లు మనకి సరిపోదు; అలాగని బెంచ్‌ప్రెస్ చేసేవాడికి ఫుట్‌బాల్ మలుపులూ అక్కర్లేదు. ఐదు నిమిషాలు చురుగ్గా నడవండి. బరువెత్తేవాళ్లయితే అదే కదలికను ముందు ఖాళీ రాడ్డుతో చెయ్యండి, తర్వాత బరువు కొద్దికొద్దిగా పెంచండి. చలికాలం పొద్దున్నయితే ఇంకో ఐదు నిమిషాలు కలుపుకోండి.