జీతం, అప్పు, భయం: జాన్ గ్రిషమ్ ‘ది ఫర్మ్’ నవల

పరిచయం

గత భాగంలో అపరాధ పరిశోధక నవల స్వరూపాన్ని తెలుసుకున్నారు. నేరం జరిగాక కథలోకి వచ్చి, ఆధారాలు ఏరి, దోషిని పట్టిచ్చే డిటెక్టివ్ ఆ ప్రక్రియకు కేంద్రం. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్ అటువంటివాడు. మధుబాబు ‘షాడో’ దారి వేరు, అతను గూఢచారి. అయినా ఇద్దరికీ ఒక పోలిక ఉంది. ప్రమాదంతో తలపడటమే వాళ్ల ఉద్యోగం. అందువల్ల పాఠకుడికి ఉత్కంఠ కలుగుతుందే తప్ప, ఆ స్థానంలో తాను ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన సాధారణంగా రాదు.

ఈ భాగంలో మనం పరిశీలించే కథానాయకుడు పన్నుల లాయరు. అతనికి తుపాకీ కాల్చడం రాదు. తెలిసినదల్లా ఆదాయపు పన్ను చట్టం. అటువంటి మనిషి ఒక నేర కుటుంబానికి ఎదురు నిలవవలసి వస్తే కథ ఎలా నడుస్తుందో అమెరికన్ రచయిత జాన్ గ్రిషమ్ 1991లో వెలువడిన ‘ది ఫర్మ్’ నవలలో చూపాడు. ఇది ఆయన రెండవ నవల. మొదటిది ‘ఎ టైమ్ టు కిల్’ 1989లో ఒక చిన్న ప్రచురణ సంస్థ ద్వారా వచ్చి, అప్పట్లో అంతగా అమ్ముడుపోలేదు. గ్రిషమ్ స్వయంగా మిసిసిపీ రాష్ట్రంలో లాయరుగా పనిచేశాడు, ఆ రాష్ట్ర శాసనసభ సభ్యుడిగానూ ఉన్నాడు. లాయర్ల కార్యాలయాలు ఎలా నడుస్తాయో, గంటల లెక్కన ఫీజు ఎలా వసూలు చేస్తారో ఆయన విని రాసింది కాదు.

కథా సంగ్రహం

మిచ్ మెక్‌డీర్ పేదరికంలో పెరిగి హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివిన యువకుడు. పెద్ద నగరాల సంస్థలను కాదని, టెన్నెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో ‘బెండినీ, లాంబర్ట్ అండ్ లాక్’ అనే న్యాయ సంస్థలో చేరతాడు. మొదటి ఏడాది జీతం 80,000 డాలర్లు. దానితోపాటు కొత్త బీఎండబ్ల్యూ కారు, ఇల్లు కొనుక్కోవడానికి తక్కువ వడ్డీకి అప్పు. అతను చేరే సమయానికే ఆ సంస్థ లాయర్లు ఇద్దరు కేమన్ దీవుల దగ్గర పడవ ప్రమాదంలో చనిపోతారు. అంతకుముందు మరో ముగ్గురు పోయారు. ఆ సంస్థ షికాగోకు చెందిన మొరోల్టో నేర కుటుంబం చేతిలో ఉందనీ, నల్లధనాన్ని దాటించడానికే దాన్ని నడుపుతున్నారనీ, బయటకు వెళ్లాలనుకున్నవారు ప్రాణాలతో వెళ్లలేదనీ ఎఫ్‌బీఐ అధికారి టారన్స్ ద్వారా మిచ్‌కు తెలుస్తుంది. సహకరించకపోతే సంస్థతోపాటు నిన్నూ జైలుకు పంపుతామంటుంది ఎఫ్‌బీఐ. సహకరిస్తే మొరోల్టోలు చంపుతారు. మిగిలిన కథ ఈ రెండింటి నడుమ నుంచి అతను బయటపడటం.

భయం ఎక్కడ ఉంది?

ఈ నవలలో హత్యలు ఉన్నాయి. మిచ్ కోసం ఆరా తీసిన ప్రైవేట్ డిటెక్టివ్ ఎడ్డీ లోమాక్స్ హత్యకు గురవుతాడు. సంస్థ భద్రత చూసే డివాషర్ కొత్త లాయర్ల ఇళ్లలో రహస్యంగా మైకులు పెట్టించి వారి మాటలు వింటుంటాడు. కానీ చదివాక మనసులో మిగిలేవి ఇవి కావు. మొదటి భాగంలో ఏమీ జరగని పుటలే ఎక్కువగా మిగులుతాయి. ఉద్యోగం ఇవ్వడానికి ముందే సంస్థ అతని గురించి అంతా ఆరా తీస్తుంది. పెళ్లయిన వాళ్లనే కోరుకుంటుంది, పిల్లలు కలగడం మంచిదంటుంది. ఇల్లు ఎంపిక దగ్గర నుంచి అంతా తానే చూసుకుంటుంది. పైకి ఇదంతా ఆదరణే. దాని లెక్క మనకు తరువాత తెలుస్తుంది. భార్యాపిల్లలు, ఇంటి అప్పు, అలవాటైన జీవితం ఉన్నవాడు నిజం తెలిసినా ఉద్యోగం మానడు. కొత్తగా చేరినవారికి మొదటి కొన్నేళ్లు సక్రమమైన పనే ఇస్తారు. అసలు విషయం చెప్పే నాటికి వాళ్లు వెనక్కి పోలేని స్థితిలో ఉంటారు.

నేర కుటుంబాన్ని చూపే రచనలు సాధారణంగా దాని క్రూరత్వాన్ని ముందు పెడతాయి. గ్రిషమ్ దాని ఔదార్యాన్ని ముందు పెట్టాడు. నా అభిప్రాయంలో ఈ నవల చేసిన అసలైన పని ఇదే. బాండు రాసిచ్చి ఉద్యోగంలో చేరినవారు, జీతంలోంచి వాయిదాలు కోయించుకుంటూ ఈ పాఠ్యాంశం చదువుతున్నవారు మీలో ఉండవచ్చు. వారికి ఆ కారు తాళాలు అందుకునే ఘట్టం వేరుగా కనిపిస్తుంది. మిచ్ దురాశాపరుడు కాడు. పేదరికం నుంచి వచ్చినవాడు, భార్య అబీకి సౌకర్యమైన జీవితం ఇవ్వాలనుకున్నాడు. సంస్థ పట్టుకున్నది ఆ కోరికనే.

వృత్తి ధర్మం అనే చిక్కు

కథానాయకుడు లాయరు కావడం వల్ల ఈ కథకు మరో ముడి పడింది. కక్షిదారు చెప్పిన రహస్యాలను లాయరు బయటపెట్టకూడదు. పెడితే లైసెన్సు పోతుంది. అంటే మిచ్ ప్రాణం కాపాడుకోవాలంటే కష్టపడి సంపాదించిన వృత్తిని వదులుకోవాలి. ఇక్కడ ఒక విషయం గమనించాలి. నేరం చేయడానికే లాయరు సలహాను వాడుకున్న సందర్భంలో అమెరికా చట్టం ఆ రహస్యానికి రక్షణ ఇవ్వదు. అయితే ఆ సంస్థకు సక్రమమైన కక్షిదారులు కూడా ఉన్నారు, వారి కాగితాలూ అవే గదుల్లో ఉన్నాయి. కాబట్టి చిక్కు పూర్తిగా కల్పితం కాదు. గ్రిషమ్ దాన్ని ఉండవలసిన దానికన్నా కొంచెం బిగించాడు, అంతే.

ముగింపు: నవల, చలనచిత్రం

నవల చివరి మూడో వంతు పరుగే పరుగు. మిచ్ జైలులో ఉన్న అన్న రేను విడిపించుకుంటాడు. అబీ, లోమాక్స్ దగ్గర పనిచేసిన టామీ కలిసి కాగితాల నకళ్లు తీయడంలో సాయపడతారు. మిచ్ మొరోల్టోల ఖాతా నుంచి కోటి డాలర్లు దారి మళ్లించి, ఫ్లోరిడా తీరానికి పారిపోతాడు. సంస్థకు వ్యతిరేకంగా తన సాక్ష్యాన్ని వీడియోలో రికార్డు చేసి వదిలి, చివరకు భార్యతో కరీబియన్ సముద్రంలో దాగి బ్రతుకుతాడు. వేగం బాగుంటుంది, పుటలు తిరిగిపోతాయి. కానీ మొదటి భాగంలో రచయిత అడిగిన ప్రశ్న ఇక్కడ జారిపోయింది. డబ్బుకు లొంగి చిక్కుకున్న మనిషి అదే డబ్బులో కొంత తీసుకుని బయటపడతాడు. దాన్ని తప్పుగా రచయిత చూపడు, మిచ్ కూడా అనుకోడు. ఆ కోటి డాలర్ల దగ్గర కథనం ఒక్క క్షణం ఆగి ఉంటే ఇది ఇంకా పెద్ద నవల అయ్యేది.

1993లో సిడ్నీ పోలాక్ దర్శకత్వంలో, టామ్ క్రూజ్ మిచ్‌గా వచ్చిన చిత్రం ఈ ముగింపును పూర్తిగా మార్చింది. సంస్థ లాయర్లు కక్షిదారులకు పనిచేయని గంటలకు కూడా బిల్లు వేస్తున్నారని మిచ్ కనిపెడతాడు. ఆ బిల్లులు తపాలాలో పంపినందువల్ల అది ఫెడరల్ నేరం. ఆ ఆధారంతో ఏ కక్షిదారు రహస్యమూ చెప్పకుండానే సంస్థను కూల్చవచ్చు. తరువాత అతను నేరుగా మొరోల్టో సోదరుల ఎదుటకు వెళ్లి, నేను మీ లాయరును, మీ రహస్యాలు నా దగ్గర భద్రం అని వారిని ఒప్పిస్తాడు. లైసెన్సు నిలుస్తుంది, దొంగిలించిన డబ్బు లేదు, భార్యతో కలిసి తిరిగి బోస్టన్ వెళతాడు.

చలనచిత్రం ముగింపే మెరుగైనదని చాలామంది అంటారు. తెలివిగా ఉందన్నది నిజం. మిచ్ తన వృత్తి జ్ఞానంతోనే గెలిచాడు, పిస్తోలు పట్టలేదు. అయితే దాని ఖరీదు గమనించండి. లాయర్లు జైలుకు పోతారు, వారిని చంపించిన కుటుంబం చెక్కు చెదరకుండా మిగులుతుంది. ఏ మాట చెప్పకూడదో దాన్ని చెప్పననే హామీ మీదే కథానాయకుడి ప్రాణం నిలిచింది. చిన్నవాళ్లు శిక్ష పొంది పెద్దవాళ్లు మిగిలే ఈ ముగింపును చిత్రం విజయంగా చూపిస్తుంది. నవలలో మిచ్ కనీసం తన వృత్తిని, ఊరిని, పేరును పోగొట్టుకున్నాడు. ఆ నష్టం కథలో కనబడుతుంది. ఈ కారణం చేత, లోపాలున్నా, నవల ముగింపువైపే నేను మొగ్గుతాను.

పాత్రల గురించి ఒక మాట. చిత్రంలో ఏవరీ టోలర్ పాత్రను జీన్ హ్యాక్‌మన్ పోషించిన తీరు వల్ల, లొంగిపోయి ఇరవై ఏళ్లు గడిపిన మిచ్ ఎలా ఉంటాడో మనకు కనిపిస్తుంది. నవలలో ఏవరీ ఇంత లోతుగా లేడు. టామీగా నటించిన హోలీ హంటర్‌కు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. మొరోల్టోలు మాత్రం నవలలోనూ చిత్రంలోనూ పేర్లుగానే మిగిలారు. ఎక్కువ పుటలలో వారు కనిపించరు, కనిపించకపోవడమే మంచిది. వారి పని చేసిపెట్టేవారు చక్కటి సూట్లు వేసుకుని ఆఫీసులో అందరికన్నా ముందు వస్తుంటారు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

నవల మొదటి భాగంలో సంస్థ మిచ్‌కు ఇచ్చిన సౌకర్యాలను ఒక్కొక్కటిగా గుర్తించి, ప్రతి ఒక్కటీ తరువాత ఏ విధంగా సంకెలగా మారిందో రెండు పుటలలో రాయండి. మిచ్ ఆ కోటి డాలర్లు తీసుకోవడం సమంజసమా కాదా అన్నదానిపై మీ సొంత అభిప్రాయాన్ని కారణాలతో చేర్చండి.