చిల్లు పడకుండా బిగించిన రింగు

చిలకలపూడి నగ చేతికిస్తే, పని తెలిసినవాళ్లు ముందు దాన్ని వెనక్కి తిప్పి చూస్తారు. రేకు మీద అచ్చు దించినప్పుడు ముఖం ఎంత మెరిసినా, ఎక్కడ సాగిందో, ఎక్కడ పల్చబడిందో వెనకవైపే బయటపడుతుంది. మచిలీపట్నం రోల్డ్‌గోల్డ్‌కి పేరు తెచ్చిన ఆ పేట చూపుతోనే కూల్‌డ్రింక్ క్యాన్ మూతనీ చూడాలి. గుడివాడ బస్టాండు కొట్లో కొని, తాగి పారేసే క్యానే. ఖాళీ డబ్బాను కత్తెరతో కోసి మూత తిప్పండి. పైన రింగును పట్టి ఉంచిన మేకు కింద చిన్న గుంట ఉంటుంది. చిల్లు మాత్రం ఉండదు.

ఆ మేకు విడిగా తెచ్చి కొట్టింది కాదు. మూత రేకునే పైకి లేపి చేసింది. రేకు మందం 0.2 మిల్లీమీటర్ల పైచిలుకు. ఒక్క దెబ్బకి మేకంత ఎత్తు లేపితే చిరిగిపోతుంది. అందుకే ముందు వెడల్పాటి బుడిపె లేపుతారు. అలా సాగిన లోహాన్ని తర్వాతి దెబ్బల్లో మధ్యకి పోగుచేసి, సన్నని గుండీలా నిలబెడతారు. వేరే పట్టీ నుంచి తయారై వచ్చిన రింగు దాని మీద కూర్చుంటుంది. అప్పుడు గుండీ తల అణచగానే అది విచ్చుకుని రింగును బిగించేస్తుంది. ఈ మూతలో నాకు అన్నిటికంటే ముద్దొచ్చే పని ఇదే. రంధ్రం చేసి మేకు దిగ్గొట్టడం ఎవరికైనా తోస్తుంది. కానీ ఆ రంధ్రంలోంచి గ్యాసు పోకుండా ఆపడం ఎవరి తరం?

అంతకుముందే రేకుచుట్ట నుంచి గుండ్రని బిళ్ల కోసి, అదే దెబ్బలో పళ్లెంలా ఒత్తుతారు. అంచు చుట్టూ లోతైన కాలువ దిగుతుంది. గ్యాసు తోసినా మూత ఉబ్బకుండా కాసేది ఆ కాలువే. మామూలుగా 90 పీఎస్ఐ దాకా, అంటే కారు టైరులో గాలికి దాదాపు మూడింతలు, తట్టుకోవాలి. అందుకే మూతకి నాలుగైదు శాతం మెగ్నీషియం కలిసిన గట్టి అల్యూమినియం వాడతారు. డబ్బా గోడది ఇంకాస్త మెత్తని రకం.

ఇంత గట్టి మూత వేలితో ఎత్తితే తెరుచుకోవాలి. దానికే మూత మీద తెరుచుకునే చోటు చుట్టూ వేసే గీత. గీసే పనిముట్టు అంచు పదునైంది కాదు, కొన మొండిగా ఉంటుంది. అది లోహాన్ని కోయదు, పక్కకి జరుపుతుంది. గీత అడుగున సగం మందం, సుమారు 0.1 మిల్లీమీటరు, మిగలాలి. ఎక్కువ మిగిలితే గోరు విరుగుతుంది, తక్కువ మిగిలితే లారీలోనే పగులుతుంది. పక్కకి జరిగిన లోహం వల్ల బిగువు పుట్టకుండా లోపలివైపు ఇంకో లోతు తక్కువ గీత కూడా వేస్తారు. వేలు పెట్టి తడిమితే రెండూ తగులుతాయి. గీతను పూర్తిగా చుట్టూ తిప్పరు. కాస్త వదిలేస్తారు, ముక్క ఊడి డబ్బాలో పడకుండా.

రింగు ఎత్తేటప్పుడు మేకు రేకును పైకి లాగుతుంది. పక్కనే గీత కొద్దిగా తెగి గ్యాసు టప్పున పోతుంది. ఆ తర్వాతే మేకు ఆధారంగా మారి, రింగు ముక్కు రేకును లోపలికి తోస్తుంది. ఒకే మీట ఒక్క ఎత్తులో రెండు రకాలుగా పనిచేస్తుందన్నమాట.

ఈ మేకును ఆలోచించినవాడు అమెరికాలోని డేటన్‌లో అచ్చులు, పనిముట్లు చేసే ఎర్మల్ ఫ్రేజ్. 1959లో వనభోజనానికి వెళ్లి, ఓపెనర్ మర్చిపోయి, కారు బంపరుకి కొట్టి క్యాన్ తెరిచాడట. 1960ల ఆరంభానికి లాగి పారేసే రింగు బజారుకొచ్చింది. ఆ రింగులు సముద్రపు ఒడ్డున కాళ్లు కోయసాగాయి. రేనాల్డ్స్ సంస్థలో డేనియల్ కడ్జిక్ ఊడిరాని రింగు చేశాడు, 1975లో అది అమ్మకానికొచ్చింది. మంగినపూడి బీచ్‌లో చెప్పుల్లేకుండా నడిచేవాళ్లకి ఆ మార్పు విలువ వేరే చెప్పక్కర్లేదు.

క్యాన్ మెడ ఎందుకు సన్నగా ఉంటుందో కూడా మూతే చెబుతుంది. డబ్బా గోడ 0.1 మిల్లీమీటరుకి అటూ ఇటూ, మూత దానికి రెట్టింపు. అంటే అదే విస్తీర్ణానికి లోహం ఎక్కువ పట్టేది పైనే. అందుకని మెడను నొక్కుతూ నొక్కుతూ మూత వ్యాసం దశాబ్దాలుగా తగ్గించుకుంటూ వచ్చారు. ఇప్పుడు ఎక్కువగా కనిపించే కొలత 54 మిల్లీమీటర్లు.