భాషాభాగ బోధన : అవ్యయ విచారము

పాఠశాలలలో బోధింపబడు తెలుగు వ్యాకరణమున మొదట వచ్చు పాఠములలో భాషాభాగముల పాఠ మొకటి. నామవాచకము, సర్వనామము, విశేషణము, క్రియ, అవ్యయము అని భాషాభాగము లైదు. ఈ అయిదింటి పేళ్లను బాలురు పద్యమువలె వల్లింతురు. ఒక్కొక్క దానికి ఒక లక్షణమును, రెండు మూడు ఉదాహరణములను కంఠస్థము చేయుదురు. పరీక్షలో గీత గీసిన పదము ఏ భాషాభాగమని ప్రశ్న వచ్చును. వల్లించిన ఉదాహరణమే వచ్చెనా మార్కు లభించును. క్రొత్త పదము వచ్చెనా ఊహయే గతి. ఇన్నేండ్లు చదివి కళాశాలకు వచ్చిన విద్యార్థికి ఈ పాఠమువలన మిగిలినది పేర్ల పట్టికయే కాని పదమును పరీక్షించు శక్తి కాదు. ఈ కొఱత విద్యార్థి బుద్ధిదోషమా, ఉపాధ్యాయుని అలసత్వమా, లేక పాఠములోనే లోపమున్నదా అని విచారించుట ఈ వ్యాసోద్దేశము. అయిదు భాగములను సమముగ జర్చింపబూనక, అన్నిటిలోను చిక్కైన అవ్యయమును ముఖ్యముగ గ్రహించుచున్నాను.

ఈ విచారమునకు నన్ను బురికొల్పినది నా స్వానుభవమే. 2006వ సంవత్సరమున నేనొక ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించుచుంటిని. 'లింగ వచన విభక్తులు లేక మార్పు చెందనిది అవ్యయము' అని చెప్పి, అక్కడ, ఇక్కడ, ఇప్పుడు, నిన్న, రేపు, అయ్యో, ఆహా మొదలగు పదములను నల్లబల్లపై వ్రాసితిని. వెనుక వరుసలోని బాలిక యొకతె లేచి, "మాస్టారూ, నిన్న మారదన్నారు కదండీ, మరి నిన్నటి అన్నం అంటాం గదా?" అని యడిగెను. పుస్తకమున నట్లున్నదని చెప్పి కూర్చుండబెట్టితిని. ఆ మాసపు పరీక్షలో 'నిన్న' అను పదము నామవాచకమని ఆ బాలిక వ్రాసెను. నేను సున్న చుట్టితిని. ఆమె తరువాత మఱి ప్రశ్నింపలేదు. ఆ మార్కు నేనిచ్చి యుండవలసినదని తెలిసికొనుటకు నాకు జాలకాలము పట్టినది.

బాలిక ప్రశ్నను శాస్త్రదృష్టితో బరిశీలింతము. నామమునకు ప్రధాన లక్షణము విభక్తిని గ్రహించుట. తెలుగున గొన్ని నామములు విభక్తి పరమగునపుడు రూపము మార్చుకొనును. ఇల్లు ఇంటికి, ఏరు ఏటికి, నోరు నోటికి అగును. ఇట్టి ఇ, టి, తి వర్ణములకు చిన్నయసూరి ఔపవిభక్తికములని పేరిడెను. ఇప్పుడు అవ్యయములని మనము చెప్పుచున్న పదములను జూడుడు: నిన్న - నిన్నటికి, మొన్న - మొన్నటికి, రేపు - రేపటికి, ఇప్పుడు - ఇప్పటికి, ముందు - ముందటి, వెనుక - వెనుకటి. 'నేడు' అనునది మఱింత స్పష్టమైన సాక్ష్యము. ఏడు ఏటికి, కాడు కాటికి, వీడు వీటికి అయినట్లే నేడు నేటికి అగుచున్నది. ఏడు నామమట, నేడు అవ్యయమట! ఒకే అచ్చున బోసిన రెండు పదములను రెండు తరగతులకు జేర్చుటకు హేతువేమి? స్థలవాచకములును ఇట్టివే. అక్కడికి, అక్కడినుండి, అక్కడి, పైకి, పైనుండి, పైది, మీదికి, మీది, లోపలికి, లోపలినుండి, లోపలి. 'మార్పు చెందనిది' అను లక్షణమును చెప్పి, దాని క్రింద మాఱు పదములను ఉదాహరించుచున్నా మన్నమాట.

ఇంతకంటె వింత వేఱొకటి గలదు. ఆ లక్షణమునకు నిజముగ నొదుగు పదములు విశేషణముల పట్టికలో నున్నవి. ఆ బాలుడు, ఆ బాలిక, ఆ బాలురకు, ఆ చెట్లపై - ఇందు 'ఆ' అనునది ఎచటను మాఱలేదు. ఈ, ఏ, ప్రతి అనునవియు నంతే. లక్షణమును త్రికరణశుద్ధిగ నమ్మిన విద్యార్థి 'ప్రతి' అవ్యయమనియు, 'నిన్న' నామమనియు వ్రాయవలెను. అట్లు వ్రాసిన వానికి రెండు మార్కులు పోవును. నమ్మనివానికి, అనగా ఉదాహరణములను మాత్రము బట్టీపెట్టినవానికి, రెండును వచ్చును. ఆలోచించినవానిని దండించి, ఆలోచింపనివానిని సత్కరించు పాఠము వ్యాకరణపాఠ మెట్లగును?

ఈ పొరపాటెక్కడ పుట్టినదో చూతము. సంస్కృతమున యాస్కుడు నిరుక్తములో పదజాతములను నామము, ఆఖ్యాతము, ఉపసర్గము, నిపాతము అని నాలుగుగ జెప్పెను. పాణిని సుబంతము, తిఙంతము అని రెండుగ గ్రహించి, అవ్యయమును సుబంతములోనే చేర్చి, దానిపై సుప్ప్రత్యయమునకు లోపము విధించెను. ఆ భాషలో తత్ర, అద్య, హ్యః, శ్వః మొదలగునవి నిజమైన అవ్యయములు. వానిపై విభక్తి కనబడదు. 'నిన్నటి' అను నర్థము కావలసినపుడు తద్ధిత ప్రత్యయము చేర్చి 'హ్యస్తన' మనియు, 'నేటి' అను నర్థమున 'అద్యతన' మనియు జెప్పవలసినదే. తెలుగున నా యవసరము లేదు; విభక్తియే నేరుగ జేరును. హ్యః అనుదానికి నిన్న, తత్ర అనుదానికి అక్కడ అని అర్థము చెప్పిన నిఘంటువు సత్యమే చెప్పినది. కాని అర్థముతోబాటు భాషాభాగమును గూడ దెచ్చుకొనుట మనము చేసిన తప్పు. అర్థము భాషాంతరమునకు బోగలదు. పదముయొక్క నడవడి పోజాలదు.

రెండవ ప్రవాహము పశ్చిమమునుండి వచ్చినది. గ్రీకు వైయాకరణుడు డయొనీసియస్ థ్రాక్స్ పేర బ్రసిద్ధమైన గ్రంథమున భాషాభాగము లెనిమిది. అందు విశేషణము ప్రత్యేకభాగము కాదు. గ్రీకున అది నామమువలెనే విభక్తులను బొందును గనుక నామములోనే చేరినది. లాటిన్ భాషలో ఉపపదము లేదు. కావున ఆ వైయాకరణులు దానిని విడిచి, ఆశ్చర్యాది బోధకమును వేఱు భాగముగ జేసి ఎనిమిది సంఖ్యను నిలుపుకొనిరి. 1795లో లిండ్లీ మఱ్ఱే ప్రకటించిన ఆంగ్ల వ్యాకరణమున భాగములు తొమ్మిదయ్యెను. విశేషణమునకు ప్రత్యేకస్థానము లభించెను. మన సోదరభాష తమిళమున తొల్కాప్పియము పెయర్, వినై, ఇడై, ఉరి అని నాలుగు చెప్పినది. ఈ చరిత్రవలన దేలునది యొక్కటే: భాషాభాగముల సంఖ్య దైవదత్తము కాదు. ఏ భాష నడవడిని బట్టి ఆ భాషకు వైయాకరణులు విభాగము చేసికొనిరి. మన పాఠ్యగ్రంథములు మాత్రము సంస్కృతమునుండి అవ్యయమును, ఆంగ్లమునుండి విశేషణ సర్వనామములను గ్రహించి ఒకే వరుసలో గూర్చుండబెట్టినవి. తెలుగు సంస్కృత జన్యము కాదని ఎల్లిస్ దొర 1816లో క్యాంబెల్ వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలోనే నిరూపించెను. ద్రావిడభాషలలో విశేషణములు లింగ వచన విభక్తులను బొందవని కాల్డ్వెల్ 1856లోనే చూపెను. ఆ జ్ఞానము పండితులకు దెలిసియు బాలుర పాఠమువఱకు దిగిరాలేదు.

మన ప్రాచీన లాక్షణికులు ఈ చిక్కునకు గారకులా యనిన, కారని నా యభిప్రాయము. నన్నయ పేర బ్రసిద్ధమైన ఆంధ్రశబ్దచింతామణి సంజ్ఞ, సంధి, అజంత, హలంత, క్రియలను పరిచ్ఛేదములుగ జేసికొన్నది. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున సంజ్ఞ మొదలు ప్రకీర్ణకము వఱకు పది పరిచ్ఛేదములు గలవు. భాషాభాగముల నొకచో లెక్కించు పరిచ్ఛేదము లేదు. సూరి పదములను విభజింపలేదని కాదు. పుట్టుకను బట్టి తత్సమాదులుగను, సంధికార్యమును బట్టి ద్రుతప్రకృతికములు, కళలుగను విభజించెను. ఈ రెండవ విభాగము మిక్కిలి గమనింపదగినది. 'వానిని' అను నామరూపమును, 'వచ్చెను' అను క్రియారూపమును ద్రుతప్రకృతికములే. అర్థముతో బనిలేదు. పదాంతమున ద్రుతమున్నదా లేదా, పరమైన పరుషము సరళమగునా కాదా అనునదే పరీక్ష. పదమును దాని నడవడిచే గుర్తించు పద్ధతి మనకు బరాయిది కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేల? సూరి ధాతుజ విశేషణమును గృదంతమున జెప్పుటయు నిట్టిదే. 'వచ్చిన మనుష్యుడు' అనుచో 'వచ్చిన' అనునది విశేషణముగ బనిచేయుచున్నను దాని పుట్టుక ధాతువు నందని ఆ యొక్క పేరే చెప్పుచున్నది. 'అందమైన' అనుదానిని మనవారు విడదీయక విశేషణమని చెప్పి విడుచుచున్నారు. అందము అను నామమునకు 'అగు' ధాతువుయొక్క ధాతుజ విశేషణము చేరినదని చెప్పినచో ఒక్క మాటతో వేయి పదములు బోధపడును.

క్రియాలక్షణమునందు గూడ నిట్టి దోషమే కలదు. 'పనిని దెలుపునది క్రియ' యందురు. నడక, పరుగు, ఈత - ఇవి పనులను దెలుపుటలేదా? బాలుడు వానిని క్రియలని వ్రాసిన దప్పెవరిది? ఇక ప్రతి వాక్యమునకు క్రియ యుండవలెనను నియమ మొకటి. 'ఆయన మా గురువు' అను వాక్యమున గ్రియ ఏదని యడిగి, 'అయి యున్నాడు' అనునది గుప్తముగ నున్నదని సమాధానము చెప్పింతురు. ఆంగ్లవాక్యమునకు గావలసిన క్రియను తెలుగు వాక్యము గర్భమున నుంచుటయే ఇది. చేకూరి రామారావుగారు 'తెలుగు వాక్యం' (1975) అను గ్రంథమున క్రియారహిత వాక్యములను వేఱుగ గుర్తించి చర్చించిరి. పైగా నేను బీదవాడను, నీవు బీదవాడవు, మేము బీదవారము అను వాక్యములలో నామమే పురుషభేదమును జూపుచున్నది. కావున తెలుగున పురుషప్రత్యయము మాత్రము క్రియకు గుఱుతు కాజాలదు. చేసెను, చేయును, చేయడు అనునట్లు కాలభేదమును, వ్యతిరేకమును దనలో జూపగల పదమే క్రియ యనుట మేలు.

ఈ వాదమునకు రెండు మూడాక్షేపణలు రావచ్చును. నిన్న, అక్కడ మొదలగు పదములు అన్ని విభక్తులను బొందవు, బహువచనము నొల్లవు గనుక నామములు గావని యొకటి. పాలు, నీళ్లు అను పదములకు ఏకవచనము లేదు. అయినను వాని నామత్వమును శంకించినవారు లేరు. సంఖ్యావాచకముల విషయము నిట్టిదే. 'రెండు చెట్లు' అనుచో విశేషణమనిపించు 'రెండు' అను పదము రెండిటిని, రెండిటికి అని విభక్తులను బొందుచున్నది. కొఱతబడిన నామము నామమే. వలసినచో వీనిని దేశకాలనామములని నామములలో నొక యుపభేదముగ జేయవచ్చును. ఇవి క్రియను విశేషించుచున్నవి గదా యనునది రెండవ యాక్షేపణ. అది వాక్యమున వానికి గల పని. పదముయొక్క జాతి కాదు. 'రాత్రి వచ్చెను' అనుచో రాత్రియు క్రియనే విశేషించుచున్నది. రాత్రిని అవ్యయమని యెవరును జెప్పరు. పదజాతిని, వాక్యమున దాని పనిని వేఱుచేసి చూపకపోవుటయే మన పాఠమునందలి మూలదోషము. ఆంగ్లము గూడ నేర్చు బాలునికి పేళ్లు మాఱిన గందరగోళమగునని మూడవ మాట. పేళ్లను మార్పుమని నేను గోరుటలేదు. అయిదు పేళ్లు నుండనిండు. వాని లక్షణములను, ఉదాహరణములను మాత్రము తెలుగు నడవడిని బట్టి దిద్దవలెను.

బోధనాక్రమమును గూడ దలక్రిందు చేయవలసియున్నది. నేడు లక్షణము ముందు, ఉదాహరణము తరువాత వచ్చుచున్నవి. ముందుగ బాలురచేత వారు నోట బలుకు వాక్యములనే నల్లబల్లపై వ్రాయించి, ఒక్కొక్క పదమునకు మూడు పరీక్షలు పెట్టింపవలెను. కి, నుండి, తో అనువానిలో నేదైన జేరునా? చేరినచో నామము, నామమునకు మాఱుగ వచ్చి విభక్తినందు సర్వనామమును దీనిలోనిదే. కాలభేదమును జూపునా? చూపినచో గ్రియ. తాను మాఱక నామమునకు ముందు నిలిచి దానిని విశేషించునా? అట్లయినచో నా వాక్యమున విశేషణము. ఈ మూడిటికిని లొంగక మిగిలిన అయ్యో, ఔరా, కదా, సుమీ మొదలగునవి అవ్యయములు. ఒకే పదము రెండు తావుల రెండు తీరుల నడచుటయు బాలురు కనుగొందురు. 'మంచి మాట' అనుచో విశేషణమైన మంచియే, 'మంచికి పోగా చెడు ఎదురయ్యెను' అనుచో విభక్తినందిన నామమగుచున్నది. ఇట్టి సందేహస్థలములను దాచిపెట్టరాదు. వ్యాకరణమునందలి రుచి యచటనే యున్నది.

నే డీ శాఖలో ఉపాధ్యాయ వృత్తికి బోగోరు విద్యార్థులకు వ్యాకరణము చెప్పునపుడు అవ్యయ పాఠమును 'నిన్న' అను పదముతోనే ప్రారంభించుచున్నాను. అది మాఱునా మాఱదా యని వారినే యడుగుదును. చాలమంది 'మాఱదు' అని కన్ను మూయకుండ జెప్పుదురు; మఱుక్షణముననే 'నిన్నటి పాఠములో' అని తామే పలుకుదురు. తన నోటి మాటకును, తాను జదివిన సూత్రమునకును నడుమ నున్న యెడమును విద్యార్థి గుర్తించిన క్షణమే వ్యాకరణ విద్యకు మొదలు. వెనుక వరుసనుండి ఆ బాలిక లేచి యడిగినది ఆ క్షణముననే. ఆమెను గూర్చుండబెట్టినవాడను నేను. ఆమె వంటి వారిని మఱియొకరు కూర్చుండబెట్టకుండ జూచుటకై పాఠ్యగ్రంథకర్తలు అవ్యయములకు జూపుచున్న ఉదాహరణములనైన నొకసారి పునఃపరిశీలింతురని ఆశించుచున్నాను.