డబ్బా ఎక్కడుందమ్మా?

అంబులెన్సులో పనిచేయబోయే కొత్త ఈఎంటీల (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ల) బ్యాచ్‌కి చట్టం పాఠం మొదలుపెట్టానంటే చాలు, మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే. "మేడమ్, దారిలో పేషెంట్ పోతే కేసు మా మీదకొస్తుందా?" అడగడంలో తప్పేం లేదు. చిన్న వయసు, అంతంతమాత్రం జీతం, ఇంటి దగ్గర వీళ్ల మీదే ఆధారపడ్డవాళ్లు. చట్టమంటే వాళ్ల కళ్లముందు కదిలేది పోలీస్ స్టేషన్ గుమ్మమే. ఆ భయాన్ని అలాగే ఉంచి పాఠం చెబితే మాత్రం పిల్లలు నేర్చుకునేది ఒకే ఒక్క విద్య: ముందు సంతకం తీసుకోవడం. స్ట్రెచర్ దింపకముందే 'వైద్యం వద్దు' ఫారం బయటికి తీసే ఈఎంటీలు అలాగే తయారవుతారు.

అంబులెన్సులో చట్టంతో పని వేరే ఉందని నేననుకుంటాను. అది మనల్ని మనం కాపాడుకోవడానికి మాత్రమే కాదు. ఎదురుగా ఉన్నవాళ్ల భయం తీర్చి, వాళ్ల నోటివెంట నిజం రప్పించడానికి. ఆ నిజం లేకపోతే వైద్యం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఒక కాల్ తీసుకుందాం. కంట్రోల్ రూమ్ నుంచి వచ్చిన సమాచారం "ఆడమనిషి, కడుపునొప్పి". ఊరి చివర ఇల్లు. వాకిట్లో ఇరవై మంది. మంచం మీద పాతికేళ్ల అమ్మాయి. జుట్టు తడి, జాకెట్టు తడి, చీర మాత్రం పొడిగా, ఇప్పుడే చుట్టినట్టుంది. అంటే వాంతి అయింది, ఎవరో కడిగి చీర మార్చారు. నోటి చివర చొంగ. టార్చి వేసి చూస్తే కంటిపాప గుండుసూది మొనంత. ఇంకా చెప్పాలా? అయినా అడిగితే అత్త అంటుంది: "ఏం తాగలేదు నాయనా, పొద్దుట్నుంచీ కడుపులో నొప్పంటోంది." పక్కనున్న మగవాళ్లు నేలచూపులు చూస్తుంటారు.

ఇక్కడ చాలామంది చేసేది గొంతు పెంచడం. "అబద్ధం చెబితే మనిషి పోతుంది, తెలుసా!" ఆ అరుపుకు వాకిలి మొత్తం బిగుసుకుపోతుంది. నేను తరగతిలో పదేపదే చెప్పించేది వేరే మాట. గొంతు తగ్గించి, అత్త వైపు ఒక అడుగు వేసి: "అమ్మా, మందు తాగినందుకు ఇప్పుడు జైల్లో పెట్టరు. ఆస్పత్రికి పోలీసులొచ్చి ఏం జరిగిందో రాసుకుంటారు, అది మామూలే. ఏ మందో తెలిస్తే డాక్టరుగారు దానికి తగ్గ వైద్యం చేస్తారు. డబ్బా ఎక్కడుందమ్మా?"

ఇందులో సెక్షన్ నంబరు లేదు. కానీ చట్టం మొత్తం ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, కాదని రుజువైతే తప్ప శిక్షించకూడదనీ చెప్పింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ లాంటిది అసలు లేదు. ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికి అలా ప్రయత్నిస్తే మాత్రమే నేరం. ఈ సంగతి లాయర్లకు తెలుసు, పోలీసులకు తెలుసు. తెలియాల్సిన అత్తగారికి మాత్రం తెలియదు. ఆమెకు చెప్పగలిగే మొదటి మనిషి ఈఎంటీనే.

డబ్బా కోసం ఇంత పట్టు ఎందుకంటే, పురుగుమందు వేరు, గడ్డిమందు వేరు. పత్తికీ మిరపకీ కొట్టే కొన్ని పురుగుమందులకు అట్రోపిన్ పనిచేస్తుంది, ఆస్పత్రి చేరేలోపు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. గడ్డిమందుల్లో పారాక్వాట్ ఉంటే కథ తారుమారు. అవసరానికి మించి ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులకు మరింత చేటు. మిగతా అన్ని కేసుల్లోనూ చేతికి అలవాటుగా తీసే మాస్కే ఇక్కడ ఆలోచించి పెట్టాలి. జుట్టుకు వేసే రంగు తాగితే గొంతూ మెడా వాచి ఊపిరి ఆగే ప్రమాదం, దాని తొందర ఇంకోరకం. వాకిట్లో గడ్డివాము చాటునో, మురుగుకాల్వలోనో పడున్న డబ్బా మీది లేబుల్ చదివి, ఫోన్‌లో ఉన్న డాక్టరుకు, అంటే మా భాషలో ఈఆర్‌సీపీకి, చెప్పగలిగితే సగం పని అయినట్టే.

అయితే "కేసే ఉండదు పొమ్మా" అని మాత్రం ఎప్పుడూ అనొద్దని చెబుతాను. కొందరు అనేస్తారు, పని తొందరగా అవుతుందని. ఆస్పత్రిలో ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసు, రాస్తారు, కానిస్టేబుల్ వస్తాడు. అప్పుడు ఆ కుటుంబం కళ్లలో మనం అబద్ధాలకోరులం. రేపు ఆ ఊరికి ఇంకో కాల్ వస్తే అక్కడెవరూ నోరు విప్పరు.

రోడ్డు ప్రమాదాల్లోనూ ఇదే తంతు. మా పిల్లలు 134ఏ సెక్షన్ గడగడా అప్పజెబుతారు, ప్రమాదంలో సాయపడినవాళ్లకు రక్షణగా మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ. దాన్ని తమ కవచం అనుకుంటారు. కాదు నాయనా, అది జీతం మీద పనిచేసే నీకోసం రాసింది కాదు. పడిపోయిన బైకు కుర్రాణ్ని ఒళ్లో పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్న ఆటో అన్న కోసం రాసింది. 2016 మార్చిలో సుప్రీంకోర్టు ఈ రక్షణలకు ముద్ర వేసింది, తర్వాత పార్లమెంటు చట్టంలో పెట్టింది. అంబులెన్సు ఆగగానే ఆ అన్న ఆటో స్టార్ట్ చేసుకుంటాడు, సాక్షిగా తిప్పుతారేమోనని. "అన్నా, పేరు చెప్పడం నీ ఇష్టం, ఎవరూ బలవంతం చేయరు. ఒక్కటి చెప్పు, పడ్డప్పుడు మాట్లాడాడా? హెల్మెట్ నువ్వే తీశావా?" అంటే ఆగుతాడు. పడగానే మాట్లాడి తర్వాత మగతలోకి జారిన మనిషి వేరు, మొదటినుంచీ స్పృహ లేని మనిషి వేరు. ఆ తేడా న్యూరోసర్జన్‌కు కావాలి. ఆ క్షణం అక్కడ ఉన్నది ఆటో అన్న ఒక్కడే.

మళ్లీ ఆ వాకిట్లోకి వెళ్దాం. నేను చెప్పించే తియ్యటి మాటలో ఒక ముల్లుంది. "ఏం భయం లేదమ్మా" అని మనం ధైర్యం చెబుతున్న అత్తే ఆ అమ్మాయి ఈ స్థితికి కారణం కావచ్చు. కావచ్చు అంటున్నాను, అవునని కాదు. తీర్పు చెప్పడం ఈఎంటీ పని కాదు. కానీ ఆ అమ్మాయికి నోరు విప్పే చోటు చూపించడం వాడి పనే. స్ట్రెచర్ ఎక్కించగానే భర్తా, అత్తా వెనక ఎక్కబోతారు. "వెనక జాగా చాలదు, ముందు పైలట్ పక్కన కూర్చోండి" అనడం నేర్పుతాను. 108లో డ్రైవర్‌ని పైలట్ అంటారని మీకు తెలిసే ఉంటుంది. నిజానికి వెనక జాగా ఉంటుంది. ఈ చిన్న అబద్ధానికి నా తరగతిలో అనుమతి ఉంది. పై పేరాల్లో అబద్ధం వద్దన్న మనిషినే ఈ మాటా అంటున్నానని నాకు తెలుసు. తలుపు వేశాక, సెలైన్ ఎక్కుతుండగా, ఆమె చెవికి దగ్గరగా వంగి మొదట పేరు, తర్వాత ఏం జరిగిందని అడగాలి. సమాధానం మన నోటితో అందించకూడదు. "అత్త కొట్టిందా?" అని అడిగారంటే ఆ మాట ఆమెది కాకుండా పోయినట్టే.

ఆమె చెప్పింది చెప్పినట్టే రాయాలి, తెలుగులోనే. పేషెంట్ కేర్ రికార్డులో అలవాటు కొద్దీ "హిస్టరీ ఆఫ్ పాయిజనింగ్" అని గిలికేస్తాం. తాగిందా, తాగించారా అన్నది ఆ అరలైను ఇంగ్లీషులో ఎక్కడా పడదు. ఆమె బతకకపోతే, ఎందుకు చనిపోతోందో చెప్పిన ఆ మాటే కోర్టులో సాక్ష్యమవుతుంది. భారతీయ సాక్ష్య అధినియమం 26వ సెక్షన్ ప్రకారం అది మేజిస్ట్రేటు ఎదుటే చెప్పి ఉండాలన్న నియమమేం లేదు. రాసిన టైము, అప్పుడు ఆమె స్పృహ ఎలా ఉంది, ప్రశ్నకు సరిగ్గా బదులిస్తోందా, ఇవి పక్కనే ఉండాలి.

"ఎవరికీ చెప్పకన్నా" అంటుంది ఒక్కోసారి. మా తరగతిలో ఎక్కువ గొడవ జరిగేది ఈ మాట దగ్గరే. సగం మంది మాటిచ్చేయాలంటారు, మిగతా సగం వెంటనే పోలీసులకు చెప్పేయాలంటారు. నాకు నచ్చిన జవాబు ఒకసారి వెనక బెంచీలో అమ్మాయి ఇచ్చింది: "మీ ఇంట్లోవాళ్లకు చెప్పనమ్మా, డాక్టరమ్మకు మాత్రం చెప్పాలి, నీకోసమే." దాచలేనిది దాస్తానని అనలేదు, దాచగలిగింది ముందే చెప్పింది. పాఠ్యపుస్తకంలో గోప్యత మీద ఉన్న అధ్యాయం కంటే ఇది నయం.

ఇక సంతకం సంగతి. ఛాతీ పట్టుకుని కూర్చున్న పెద్దాయన "గ్యాసేలే, పొండి" అంటాడు. మతిలో ఉన్న పెద్దమనిషి వైద్యం వద్దనొచ్చు, ఆ హక్కు ఆయనది. కానీ వద్దంటున్నది దేన్నో ఆయనకు తెలియాలి కదా. ఫారం చాచేముందు ఈఆర్‌సీపీ లైను కలిపి, ఫోను ఆయన చేతికివ్వాలి. తెల్లకోటు కనబడకపోయినా డాక్టరు గొంతుకు ఓ బరువుంటుంది. అప్పటికీ రానంటే, ఆయనకేం అర్థమైందో ఆయన నోటే ఒకసారి చెప్పించుకుని, ఆ మాటలే రాసి, అప్పుడు సంతకం. లేచేటప్పుడు "మళ్లీ నొప్పొస్తే మొహమాటపడకు బాబాయ్, 108 కొట్టు" అనడం మరవకూడదు. ఒకసారి తిప్పి పంపాక మళ్లీ పిలవడానికి సిగ్గుపడేవాళ్లు ఎంతోమంది.

అన్నిటికంటే కష్టం క్యాజువాలిటీ గుమ్మం దగ్గర. రద్దీలో డ్యూటీ డాక్టరు సగం విని "సరే, పెట్టి వెళ్లు" అంటారు. వాళ్ల తప్పు కాదు, అక్కడ మంచాల కంటే మనుషులే ఎక్కువ. అందుకే మొదటి వాక్యంలోనే అసలు ముక్క ఉండాలి: ఏ మందు, ఎప్పుడు తాగింది, మనం ఏమిచ్చాం, ఇప్పుడు ఎలా ఉంది. ఆమె చెప్పిన మాట మాత్రం పదిమందిలో కాదు, డాక్టరుకు పక్కకెళ్లి చెప్పాలి. డబ్బాను పాలిథిన్ కవర్లో కట్టి, బల్ల మీద వదిలేయకుండా ఎవరో ఒకరి చేతిలో పెట్టి, వాళ్ల పేరూ టైమూ రాసుకోవాలి.

మొన్నటి బ్యాచ్‌లో ఒకడు లేచాడు. "పేరడిగితే సిస్టర్ కసురుకుంటుంది మేడమ్."

"బ్యాడ్జి మీద ఉంటుంది, చూసి రాసుకో."

"బ్యాడ్జి తిరగబడి ఉంటే?"

తరగతంతా నవ్వింది. వాడు మాత్రం పెన్ను పట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నాడు.