సగం దగ్గర ఆగే చూపు

దక్షిణ గుజరాత్‌లో వరినాట్ల కాలం వచ్చిందంటే సూరత్, నవ్‌సారి, వల్సాడ్ జిల్లాల డాక్టర్లు లెప్టోస్పైరోసిస్ కోసం కాచుకుని ఉంటారు. మనవాళ్లు ఎలుక జ్వరమంటారు. ఎలుకల, పశువుల మూత్రంతో బురదలో కలిసిన బ్యాక్టీరియా, పాసిన కాలివేళ్ల సందుల్లోంచో పగిలిన మడమల్లోంచో ఒంట్లోకి దిగుతుంది. చాలామందికి మామూలు జ్వరంలా వచ్చి పోతుంది. కొద్దిమందిలో మాత్రం కాలేయాన్నీ కిడ్నీలనూ పట్టుకుంటుంది. 1886లో అడాల్ఫ్ వైల్ వర్ణించిన రూపం ఇదే.

ఆ కొద్దిమందిని కామెర్ల రోగుల్లోంచి ఏరి పట్టుకోవడంలో ఎంతో పనితనం ఉంది. కళ్లు ఎర్రబడతాయి కానీ పుసి కట్టవు. పిక్కలు ముట్టుకోనివ్వరు. రక్తంలో బిలిరుబిన్ బాగా పెరిగి ఉంటుంది; ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అనే కాలేయ ఎంజైములు మాత్రం ఓ మోస్తరుగానే పెరుగుతాయి. వైరస్ కామెర్లలో అవి తరచూ వేలల్లోకి పోతాయి. లెప్టోస్పైరా క్రిమి కాలేయ కణాలను అలా మూకుమ్మడిగా చంపదు. కణానికీ కణానికీ మధ్య అతుకుల్లో దూరి వాటిని విడదీస్తుంది; ఆ సందుల్లోంచి పైత్యరసం రక్తంలోకి కారుతుంది. రెండు అంకెల పొంతన కుదరకపోవడం చూసి ఇంత దూరం ఊహించగలగడం సామాన్యమైన చదువు కాదు. బతికి బయటపడ్డవారి కాలేయం చాలావరకు పూర్తిగా కోలుకుంటుంది కూడా.

అనుమానం వైద్యుడిది, నిర్ధారణ ప్రయోగశాలది. అక్కడి పనికి నేను రెండు చేతులూ జోడిస్తాను. 1918లో మార్టిన్, పెటిట్ చూపిన దారిలో నడిచే ఎంఏటీ (మైక్రోస్కోపిక్ అగ్లుటినేషన్ టెస్ట్) పరీక్షే నేటికీ ప్రామాణికం. దానికి బతికున్న లెప్టోస్పైరాలు కావాలి. ఒక్క రకం చాలదు. ఆ ప్రాంతంలో తిరిగే రకాలన్నిటినీ విడివిడి గొట్టాల్లో, సుమారు 30 డిగ్రీల వెచ్చదనంలో, వేరే క్రిమి సోకకుండా ఏడాది పొడవునా సాకాలి. ఈ క్రిమి మందం 0.1 మైక్రాన్ మాత్రమే కాబట్టి మామూలు మైక్రోస్కోపుకు ఆనదు. డార్క్‌ఫీల్డ్ మైక్రోస్కోపు కింద పెడితే, కొసలు వంగిన వెండి నూలుపోగులా గిరగిరా తిరుగుతుంది.

రోగి సీరాన్ని రెట్టింపు చొప్పున పలచన చేస్తూ పోయి, ఒక్కో పలచనలో ఈ క్రిములను కలిపి, రెండు గంటలుంచి, చుక్క చుక్కా చూస్తారు. యాంటీబాడీలుంటే క్రిములు గుత్తులు కడతాయి. సీరం కలపని గొట్టంతో పోల్చి, క్రిముల్లో సగమే విడిగా మిగిలిన చివరి పలచన ఏదో చెప్పాలి. ఆ సగాన్ని తేల్చేది ఏళ్ల తరబడి అలవాటుపడ్డ కన్ను. ఒకే సీరం మీద ఇద్దరి లెక్క ఒక్క మెట్టు అటూ ఇటూ అయినా ఆశ్చర్యం లేదు. అంత సున్నితమైన పని. సూరత్ ప్రభుత్వ వైద్య కళాశాల మైక్రోబయాలజీ విభాగం, బజారులో దొరికే కిట్ల సత్తాను కూడా ఎంఏటీతోనే సరిచూసింది.

అయితే వ్యాధి నిర్ధారణకు యాంటీబాడీ నాలుగు రెట్లు పెరిగిందని తేలాలి; అందుకు కొన్ని రోజుల తర్వాత రెండో నమూనా తీయాలి. కాలేయం అన్నాళ్లు ఆగదు. అందుకే అనుమానం మీదే పెన్సిలిన్, డాక్సీసైక్లిన్ లాంటి మందులు మొదలుపెడతారు. వానాకాలంలో బురదలో దిగి వచ్చాక జ్వరమూ పిక్కల నొప్పీ వస్తే, పొలం సంగతి డాక్టరు అడిగేదాకా ఆగకండి, మీరే ముందు చెప్పండి.