226 శాతం నష్టం: ఈ లెక్కను ఎలా చదవాలి?

2017 సెప్టెంబరు 18 రాత్రి తూర్పు కరీబియన్‌లోని చిన్న ద్వీపదేశం డొమినికాను మరియా హరికేన్ తాకింది. (డొమినికన్ రిపబ్లిక్ వేరే దేశం.) సుమారు 70 వేల జనాభా గల ఆ దేశంలో దాదాపు 90 శాతం ఇళ్లు దెబ్బతిన్నాయి. అక్కడి ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి తదితర సంస్థలు కలిసి నవంబరులో వెలువరించిన నివేదిక మొత్తం నష్టాన్ని 131 కోట్ల డాలర్లుగా తేల్చింది. ఇది 2016 నాటి స్థూల దేశీయోత్పత్తికి 226 శాతం. అందరి నోటా నానింది ఈ సంఖ్యే.

నివేదికలో మెచ్చుకోదగిన అంశం ఒకటుంది. నష్టాన్ని అది రెండు పద్దులుగా విడదీసింది. కూలిన ఇళ్లు, రోడ్లు, యంత్రాల విలువ ఒక పద్దు: సుమారు 93 కోట్ల డాలర్లు. వాటివల్ల ఆ తర్వాత రాకుండా పోయే ఆదాయం రెండో పద్దు: సుమారు 38 కోట్లు. ఈ తేడా ఎంత ముఖ్యమో రంగాలవారీగా చూస్తే తెలుస్తుంది. గృహరంగంలో నష్టం దాదాపు అంతా మొదటి పద్దులోనే ఉంది. వ్యవసాయంలో ఇది తలకిందులు: ఆస్తినష్టం సుమారు 5.5 కోట్లయితే, ఆదాయనష్టం 12 కోట్లకు పైనే. తోట నేలకూలితే మళ్లీ కాపు వచ్చేదాకా రైతుకు రాబడి ఉండదు కదా!

చిక్కల్లా ఆ శాతంతోనే. స్థూల దేశీయోత్పత్తి అంటే ఒక ఏడాదిలో జరిగిన ఉత్పత్తి విలువ. కూలిన ఇళ్లు ఎన్నో ఏళ్లుగా కూడబెట్టిన ఆస్తి. ఏడాదికి లక్ష సంపాదించే వ్యక్తికి చెందిన మూడు లక్షల ఇల్లు కాలిపోతే నష్టం 300 శాతం అనవచ్చు. అంతమాత్రాన అతని మూడేళ్ల సంపాదన ఆగిపోయిందని కాదు. 226 శాతాన్నీ ఇలాగే అర్థం చేసుకోవాలి.

అయితే ఈ శాతం పనికిరాదనీ అనలేం. అదే ఏడాది అమెరికాలో హార్వే హరికేన్ చేసిన నష్టం సుమారు 12,500 కోట్ల డాలర్లు. డొమినికా నష్టానికి ఇది దాదాపు 95 రెట్లు. కాని అమెరికా ఉత్పత్తిలో ఒక శాతం కన్నా తక్కువ. దెబ్బ ఎంత పెద్దదో డాలర్లు చెబుతాయి. తట్టుకునే శక్తి ఎంతో శాతం చెబుతుంది. కరీబియన్ దేశాల ఉమ్మడి బీమా నిధి నుంచి డొమినికాకు వెంటనే అందింది సుమారు 1.9 కోట్లు, అంటే నష్టంలో ఒకటిన్నర శాతం. మిగతాది పూడ్చుకోవాలంటే సాయమో, అప్పో తప్పదు. అందుకే ఈ లెక్క సరిగా ఉండటం ఆ ప్రజలకు బతుకు సమస్య.

మరణించినవారు, గల్లంతైనవారు కలిసి 60 మందికి పైనే. వారి లోటు ఏ పద్దులోనూ చేరదు. 226 అనే అంకెను చదివేటప్పుడు విద్యార్థులు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: దేన్ని లెక్కించారు? దేనితో పోల్చారు?